చర్చి, చుట్టుపక్కల ఇళ్లు: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

సంఘాలు తమ చుట్టూ ఉన్న వీధులతో ఎలా కలవాలో దగ్గరుండి చూపించడం నా పని. సంఘ పెద్దలతో మొదటిసారి కూర్చున్నప్పుడు ఎక్కడైనా దాదాపు అవే మాటలు వింటాను. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనరు. కానీ ఆ మాటలు నమ్ముకుని పని మొదలుపెడితే బోలెడంత శ్రమ, డబ్బు పోసి, చివరికి "ఇక్కడి జనం ఇంతే, ఎంత చేసినా రారు" అని చేతులెత్తేయడమే మిగులుతుంది.

అపోహ: మా తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి. రావాలనుకున్నవాళ్లు వస్తారు.

తలుపు తెరిచి ఉందన్న సంగతి లోపలున్నవాళ్లకు తెలుసు. రోడ్డు మీద పోయేవాళ్లకు తెలియదు. ఏదైనా సంఘం నన్ను పిలిస్తే, ఆదివారం ఆరాధనకు వెళ్లకముందే ఒక మామూలు రోజు మధ్యాహ్నం ఆ చర్చికి ఎదురుగా కాసేపు నిలబడి చూస్తాను. గేటుకు తాళం ఉంటుంది. బోర్డు మీద ఆరాధన వేళలు ఉంటాయి, అవి ఎప్పుడో మారిపోయి ఉంటాయి. ఫోన్ నంబరు ఉంటుంది, చేస్తే ఎవరూ ఎత్తరు. సంఘస్థులంతా పక్కసందులోని చిన్న తలుపులోంచి వస్తారు కాబట్టి ముందున్న పెద్ద తలుపు ఎప్పుడు చూసినా మూసే ఉంటుంది. కొత్తవాళ్లకు ఆ సందు సంగతి ఎవరు చెబుతారు?

అదీ దాటి లోపలికి అడుగుపెట్టేవాళ్లకు ఇంకో రకం టెన్షన్. ఎక్కడ కూర్చోవాలి, కానుక వేయకపోతే ఏమనుకుంటారు, మధ్యలో లేచి వెళ్లొచ్చా, అందరి ముందూ నిలబెట్టి పేరు అడుగుతారా? చాలామందిని గేటు దగ్గరే ఆపేసేది ఆ చివరి భయమే. అందుకే రమ్మని పిలవడం కంటే ముందు మనం బయటికి వెళ్లాలి అంటాను. బోర్డు సరిచేసుకోవడం ఎలాగూ ఒక్కపూట పని, అది రేపే చేయండి.

అపోహ: మా ఏరియా గురించి మాకు తెలియదా?

సంఘస్థుల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో ఒక మ్యాప్ మీద చుక్కలు పెట్టమంటాను. చుక్కలు ఊరంతా చెల్లాచెదురుగా పడతాయి, చర్చి చుట్టూ మాత్రం ఖాళీ. ఒకప్పుడు దగ్గర్లో ఉన్న కుటుంబాలు వేరే చోట ఇళ్లు కట్టుకుని వెళ్లిపోయి ఉంటాయి, ఆదివారం మాత్రం పాత చర్చికే వస్తుంటాయి. నిర్ణయాలు తీసుకునే పెద్దల్లో ఒక్కరు కూడా ఆ వీధుల్లో నిద్రలేవరు. వాళ్లకు తెలిసిన ఏరియా పాతికేళ్ల కిందటిది.

దీనికి సర్వే ఫారాలు అక్కర్లేదు. చర్చి నుంచి నడిచి పది నిమిషాల్లో చేరగలిగినంత మేర చాలు. ఇద్దరిద్దరుగా, వేర్వేరు వేళల్లో నడవండి. పొద్దున బడికి వెళ్లే పిల్లలు కనిపిస్తారు, రాత్రి షిఫ్టు ముగించుకుని వచ్చేవాళ్లు కనిపిస్తారు, మధ్యాహ్నం అరుగుల మీద ఒంటరిగా కూర్చున్న పెద్దవాళ్లు కనిపిస్తారు. చేతిలో కరపత్రం వద్దు. మాట కలిసినచోట మూడు సంగతులు అడగండి: ఇక్కడ ఉండటంలో మీకు నచ్చేదేంటి, ఏది మారితే బాగుంటుంది, దానికోసం ఇప్పటికే ఎవరైనా తిరుగుతున్నారా. మొదటి రెండూ అందరూ అడుగుతారు. అసలు దారి చూపించేది మూడోది, ఎందుకంటే వీధిలైట్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి ఆ వీధిలో ఒకరు ఎప్పుడూ ఉంటారు. మనం వెళ్లి కలవాల్సింది ఆ మనిషిని. వాళ్ల ముందు నోట్‌బుక్ తీసి రాయొద్దు. జబ్బుల గురించో అప్పుల గురించో ఎవరైనా చెప్పుకుంటే దాన్ని బుధవారం ప్రార్థన కూడికలో పేరు పెట్టి చదవొద్దు. ప్రార్థన పేరుతో జరిగినా అది చాటింపే.

కళ్ల ముందు కనిపిస్తున్నదాన్ని మళ్లీ అడగడం ఎందుకు అనేవాళ్లుంటారు. మార్కు సువార్త 10వ అధ్యాయంలో బర్తిమయి గుడ్డివాడని అక్కడున్న అందరికీ తెలుసు. అయినా యేసు "నీకేం చేయాలని కోరుకుంటున్నావు" అని అడిగాకే స్వస్థపరిచాడు.

అపోహ: వాళ్లకు అవసరాలున్నాయి, మన దగ్గర వనరులున్నాయి. మనం ఇవ్వాలి, వాళ్లు తీసుకోవాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. పైకి ప్రేమలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ వేలెత్తి చూపరు.

అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పనిచేసిన జాన్ మెక్‌నైట్, జాన్ క్రెట్జ్‌మన్ 1990ల మొదట్లో దీనికి సరిగ్గా ఎదురు నిలిచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఒక పేటను లోటుపాట్ల జాబితాగా చూస్తే అక్కడివాళ్లు శాశ్వతంగా లబ్ధిదారులుగానే మిగిలిపోతారని, ముందు అక్కడున్న నైపుణ్యాలు, స్థానిక బృందాలు, సంస్థలు, స్థలాలు లెక్క తీయాలని వాళ్ల వాదన. అభివృద్ధి రంగంలో ఉన్నవాళ్లు ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. చర్చిలకు మాత్రం ఇది మింగుడుపడదు, ఎందుకంటే ఇచ్చే చేయి మీదుండటం మనకు అలవాటైపోయింది.

ఒక సంఘం సాయంత్రాలు పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పేది. లెక్కలు చెప్పేవాళ్లు దొరక్క ఆ సబ్జెక్టు మానేద్దామా అనుకుంటున్నారు. ఆ రోజుల్లోనే ఒకావిడ రోజూ మనవణ్ని దింపి, వాడు బయటికొచ్చేదాకా మెట్ల మీద కూర్చునేది. సంఘంలో అందరూ ఆమెను పలకరించేవాళ్లు, మంచినీళ్లు ఇచ్చేవాళ్లు. ఎవరో ఒకరోజు మాటల్లో "మీరు ఇంతకుముందు ఏం చేసేవారమ్మా" అని అడిగారు. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యానంది. మర్నాటి నుంచి ఆమె మెట్ల మీద కాదు, బోర్డు ముందుంది. అన్ని నెలలు ఆమెను "మనం సాయం చేస్తున్న కుటుంబం"లో భాగంగా చూశారు తప్ప, ఆమె దగ్గర అడగాల్సిందేమైనా ఉందేమో అన్న ఆలోచనే రాలేదు.

వాక్యం కూడా ఇటువైపే మొగ్గుతుంది. లూకా 10లో యేసు డెబ్బదిమందిని పంపుతూ సంచి, జాలె వద్దన్నాడు. వెళ్లిన ఇంట్లోనే ఉండి వాళ్లు పెట్టింది తినమన్నాడు. అంటే చుట్టాలుగా పంపాడు, దాతలుగా కాదు. సమరయ స్త్రీతో ఆయన సంభాషణ మొదలైంది కూడా నీళ్లు అడగడంతోనే. అడగడం తెలియని సంఘానికి ఇరుగుపొరుగు దొరకరు. నిచ్చెన అరువు అడగండి, పాడైన మైకు చూడటానికి పక్కింటి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, పనికి తగ్గ కూలి ఇవ్వండి.

అపోహ: ఏడాదికోసారి పెద్ద కార్యక్రమం పెడితే చాలు.

పరిచయానికి బాగుంటుంది. మెడికల్ క్యాంపుకు వందలమంది వస్తారు, ఫొటోలు వస్తాయి, రెండు వారాల తర్వాత ఎవరి పేరూ ఎవరికీ గుర్తుండదు. అదే డబ్బుతో ప్రతి గురువారం రెండు గంటలు గేటు తీసి, ఇద్దరు మనుషులు కుర్చీలేసుకుని కూర్చుంటే మొదటి నెలంతా ఎవరూ రారు. ఆ ఖాళీ గురువారాలు తట్టుకోగలిగిన సంఘాలకే తర్వాత మనుషులు దొరుకుతారు.

అపోహ: ఇదంతా పాస్టరుగారి పని, లేదా శిక్షణ పొందినవాళ్ల పని.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే జవాబు ఛాడ్ వరా కథ. ఆయన ఆంగ్లికన్ పాదిరి. కొత్తగా సేవలోకి వచ్చిన రోజుల్లో, 1935లో, ఆత్మహత్య చేసుకున్న ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి భూస్థాపన చేయాల్సొచ్చింది. మొదటిసారి రుతుస్రావం కావడంతో ఏదో పెద్ద జబ్బనుకుంది ఆ పిల్ల, అడగడానికి ఎవరూ లేకపోయారు. 1953లో ఆయన లండన్ వ్యాపార కేంద్రంలోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చికి పాదిరిగా వచ్చి, చనిపోవాలనుకునేవాళ్లు మాట్లాడుకోవడానికి ఆ చర్చిలోనే ఒక టెలిఫోన్ పెట్టారు. ఆ ఏడాది నవంబరు 2న మొదటి కాల్ వచ్చింది.

తర్వాత జరిగింది ఆయన కూడా ఊహించలేదు. ఫోన్లతోపాటు మనుషులు నేరుగా రావడం మొదలైంది. ఆయన కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు టీ ఇచ్చి పక్కన కూర్చోడానికి కొందరు వాలంటీర్లు వచ్చేవారు. కౌన్సెలింగ్ చదువులేవీ లేని మామూలు మనుషులు. వచ్చినవాళ్లలో చాలామంది ఆ వాలంటీర్లతోనే గుండె బరువు దించుకుని, పాదిరిని కలవకుండానే వెళ్లిపోతున్నారని ఆయన గమనించారు. 1954 ఫిబ్రవరిలో వినే పని మొత్తం వాళ్లకే అప్పజెప్పారు. సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది. తర్వాత వాళ్లు వాలంటీర్లకు శిక్షణ, కట్టుబాట్లు అన్నీ ఏర్పరచుకున్నారు, అది వేరే విషయం. మొదట కనిపించింది మాత్రం ఓపిగ్గా వినే సామాన్యుడి విలువ.

మీ సంఘంలో ప్రసంగం చేయలేనివాళ్లు, పాట పాడలేనివాళ్లు, "నాకేం తలాంతు లేదండీ" అనేవాళ్లు వెనక వరసలో కూర్చుంటారు. వాళ్లలో ఎవరి దగ్గర జనం గంటలకొద్దీ మాట్లాడతారో చూడండి. గురువారం కుర్చీ వాళ్లది.

ఒక్క షరతు. పిల్లలతో చేసే పని ఏదైనా సరే, ఒక పెద్దమనిషి ఒక పిల్లాడితో తలుపు వేసిన గదిలో ఉండే పరిస్థితి రాకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి, బయటివాళ్లకు కనపడేలా ఉండాలి. "మన బ్రదరే కదా" అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

అపోహ: సాయం చేస్తే ఎలాగూ సంఘంలో చేరతారు. / సాయం చేసేచోట విశ్వాసం మాటే ఎత్తకూడదు.

రెండు శిబిరాలనుంచీ వింటాను, రెండూ తప్పే. మొదటిది ప్రేమను ఎరగా మార్చేస్తుంది. ఎరను జనం ఇట్టే పసిగడతారు, తీసుకోవాల్సింది తీసుకుని మళ్లీ కనపడరు. రెండోదాంట్లో నిజాయితీ లేదు. మనం చర్చి నుంచి వచ్చామని దాచిపెట్టి, అది తర్వాత బయటపడితే ఉన్న నమ్మకమూ పోతుంది.

ఎవరమో మొదటిరోజే చెప్పాలి. ప్రార్థన చేయాలంటే అడిగి చేయాలి, వద్దంటే నవ్వుతూ ఊరుకోవాలి. సాయానికి, ఆరాధనకు రావడానికి ఎలాంటి ముడీ ఉండకూడదు, అంటే ఆదివారం రాని కుటుంబం పేరు లిస్టులో కిందికి జారకూడదు. క్రీస్తుశకం 362 ప్రాంతంలో రోమా చక్రవర్తి జూలియన్ ఒక పూజారికి రాసినట్టు చెప్పే లేఖలో, ఈ గలిలయులు (క్రైస్తవులను అతను అలా పిలిచేవాడు) తమ బీదలనే కాదు, మన బీదలను కూడా పోషిస్తున్నారని చిరాకుపడ్డాడు. ఆ చక్రవర్తి క్రైస్తవానికి బద్ధ విరోధి. తన బీదలు అని అతను అన్నవాళ్లు సంఘంలో చేరనివాళ్లు, వాళ్లకూ అన్నం అందింది.

వేరే విశ్వాసాలవాళ్లతో, స్థానిక సంస్థలతో కలిసి పనిచేస్తే మన గుర్తింపు పోతుందన్న భయం కూడా దీనికి తోడబుట్టినదే. మురుగుకాలువ శుభ్రం చేయడానికి సిద్ధాంతాలు కలవాల్సిన పనిలేదు.

అపోహ: మా వల్ల ఎవరికీ ఇబ్బంది లేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు కదా.

ఫిర్యాదు చేయకపోవడానికి మొహమాటం, భయం, విసుగు ఏదైనా కారణం కావచ్చు. మీ కుడివైపు, ఎడమవైపు, ఎదురుగా, వెనక ఉన్న ఇళ్లకు వెళ్లి స్పీకరు శబ్దం గురించి, గేటుకు అడ్డంగా పెట్టే బండ్ల గురించి మీరే అడగండి. రాత్రి ప్రార్థనకు స్పీకరు ముఖం లోపలికి తిప్పడం, ఆదివారం బండ్ల దగ్గర ఒక మనిషిని పెట్టడం, ముందుగా చెప్పి తర్వాత కూడిక పెట్టుకోవడం ఏ సంక్షేమ కార్యక్రమానికీ తీసిపోవు. నా అనుభవంలో ఒక సంఘం మీద వీధి అభిప్రాయం అన్నిటికంటే త్వరగా మారేది ఇక్కడే. కమిటీలకు మాత్రం ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది.

అపోహ: మాకు డబ్బు లేదు, ఏం చేయగలం?

హాలుంది కదా, వారంలో ఎక్కువ గంటలు ఖాళీగా. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు ఎన్నో చర్చి గదుల్లోనే జరుగుతాయి. తమ ఖర్చు తామే భరించాలన్నది వాళ్ల నియమం కాబట్టి ఎంతో కొంత అద్దె కూడా ఇస్తారు. గది ఇచ్చేటప్పుడు తాళం ఎవరి దగ్గర, ఎవరు ఊడుస్తారు, బాత్రూమ్ తెరిచి ఉంటుందా, కరెంటు ఎవరిది అన్నవి కాగితం మీద రాసుకోండి. స్నేహాలు చెడేది ఎక్కువగా బాత్రూమ్ తాళం దగ్గరే.

అపోహ: ఒకసారి మొదలుపెట్టిన పరిచర్య ఆపకూడదు.

రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి 1780లో ఇంగ్లండ్‌లోని గ్లౌస్టర్‌లో ఆదివారపు బడి పెట్టించింది వారమంతా పనిచేసే బీద పిల్లలకు చదవడం నేర్పడానికి. మిగతా రోజుల్లో వాళ్లకు బడి లేదు. తర్వాతి శతాబ్దంలో అందరికీ బడులు వచ్చాక ఆ అక్షరాలు నేర్పే పని సండే స్కూల్ నుంచి తప్పుకుంది. అవసరం మారింది, పనీ మారింది.

కాబట్టి ఏడాదికోసారి, వచ్చేవాళ్లను కూర్చోబెట్టి, ఇది ఇంకా కావాలా అని అడగండి. వద్దంటే ఆపేయండి, కానీ చెప్పాపెట్టకుండా ఆపొద్దు. కనీసం నెల ముందు చెప్పండి, వస్తున్నవాళ్లు ఇకమీద ఎక్కడికి వెళ్లొచ్చో కనుక్కుని ఉంచండి, ఇంకెవరైనా నడుపుతామంటే సామాను, తాళంచెవి వాళ్లకు ఇవ్వండి. వాళ్లు మన సంఘస్థులు కానక్కర్లేదు.