తుంటి మారిస్తే ఆయాసం తగ్గింది: లోహపు కీళ్ళపై అపోహలు - వాస్తవాలు

ఆయన నా గదిలోకి వచ్చినప్పుడు చేతిలో నాలుగు ఫైళ్ళున్నాయి. ఒకటి గుండెది, ఒకటి చెవిది, ఒకటి నరాలది, ఒకటి థైరాయిడ్‌ది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చెవుల్లో ఆగని హోరు. చొక్కా గుండీ పెట్టుకోవాలంటే వేళ్ళు వణుకుతాయి. వయసు యాభై కూడా దాటలేదు. రెండేళ్ళుగా తిరుగుతున్నా జబ్బు పేరేమిటో తేలలేదు. పక్కన కూర్చున్న ఆయన భార్య అన్న మాట నాకింకా గుర్తుంది. "ఆపరేషన్ అయిన ఆ కాలు తప్ప ఒళ్ళంతా చూపించాం డాక్టరుగారూ."

నేను తుంటి, మోకాలి కీళ్ళ మార్పిడి చేసే సర్జన్‌ని. ఆ కాలి తుంటిలోని లోహపు కీలు తీసి వేరేది వేశాక ఆయన ఆయాసం, వణుకు తగ్గాయి. ఆ కథ విన్నవాళ్ళలో కొందరు "మహిమ" అంటున్నారు, కొందరు "అంతా మనసులోదే అయ్యుంటుంది" అంటున్నారు. రెండూ ఆయనకు అన్యాయం చేసే మాటలే.

అపోహ: తుంటి మార్చితే గుండె, నరాలు బాగుపడటం వైద్యానికి అందని వింత.

వాస్తవం: దానికి పేరుంది, కోబాల్ట్ విషప్రభావం. 2000 తర్వాత కొన్నేళ్ళపాటు, వయసు తక్కువ, తిరుగుడు ఎక్కువ ఉన్నవారికి లోహపు గిన్నెలో లోహపు బంతి తిరిగే తుంటి కీళ్ళు విరివిగా వేశారు. ఎక్కువ కాలం మన్నుతాయని, బంతి పెద్దది కాబట్టి కీలు జారదని అనుకున్నారు. ఆ లోహం కోబాల్ట్, క్రోమియంల మిశ్రమం. గిన్నె సరైన వాలులో కూర్చోకపోయినా, కీలు రూపకల్పనలోనే లోపమున్నా అడుగడుగునా లోహం అరిగి, కంటికి కనిపించనంత సన్నని పొడి రాలుతుంది. అది కరిగి రక్తంలో కలుస్తుంది. గుండె కండరం, వినికిడి నరం, కంటి నరం, థైరాయిడ్ గ్రంథి, అన్నిటికీ దెబ్బే.

కోబాల్ట్ గుండెను పాడుచేస్తుందని లోకానికి తెలిసింది కీళ్ళ వల్ల కాదు. 1960లలో కెనడాలోని క్యూబెక్‌లో బీరు నురుగు నిలవడానికి కోబాల్ట్ లవణం కలిపారు. అతిగా తాగేవాళ్ళు గుండె కండరం దెబ్బతిని చనిపోయారు. కీళ్ళ విషయంలో గట్టిగా గొంతెత్తినవారిలో అలాస్కాకు చెందిన ఎముకల సర్జన్ స్టీఫెన్ టవర్ ఒకరు. 2006లో ఆయన తుంటికే అలాంటి కీలు వేశారు. చేతుల వణుకు, మతి తప్పడం, చెవుల్లో హోరు మొదలయ్యాయి. కీలు మార్పించుకున్నాక కోలుకుని, 2010లో ఈ సమస్యపై వైద్య పత్రికలో రాశారు. ఆయనకు వేసిన ఏఎస్‌ఆర్ రకం కీళ్ళను తయారీదారు అదే ఏడాది ఆగస్టులో ప్రపంచమంతటా వెనక్కి పిలిచారు. మన దేశంలోనూ వేల మందికి అవి వేశారు.

మళ్ళీ మా రోగి దగ్గరికి వద్దాం. ఎక్స్‌రేలో గిన్నె నిటారుగా నిలబడినట్టు కనిపించింది. రక్తంలో కోబాల్ట్ హద్దుకు ఎన్నో రెట్లుంది. కీలు తెరిచినప్పుడు చీము రాలేదు, నెత్తురు రాలేదు. బూడిద కలిపిన నీళ్ళలాంటి ద్రవం బయటికొచ్చింది. కాటుక పూసినట్టు చుట్టూ కండ నల్లబారి ఉంది. ఆ కండను వీలైనంత శుభ్రం చేసి, సెరామిక్ (పింగాణీ లాంటి గట్టి పదార్థం) బంతి, ప్లాస్టిక్ లోపలి గిన్నె అమర్చాం. మూడు నెలల తర్వాత మొదటి అంతస్తులోని నా గదికి మధ్యలో ఆగకుండా ఎక్కి వచ్చారు. నా బల్ల మీదే సంతకం చేశారు. అక్షరం వంకర పోలేదు.

అపోహ: కీలు తీసేస్తే పోయినవన్నీ తిరిగొస్తాయి.

వాస్తవం: అన్నీ రావు. మా రోగికి చెవుల్లో హోరు కొంత మిగిలే ఉంది, వినికిడి యంత్రం వాడుతున్నారు. జర్మనీలోని మార్‌బుర్గ్ వైద్యులు 2014లో ప్రచురించిన కేసులోనూ ఇంతే. 2012లో వాళ్ళ దగ్గరకు గుండె వైఫల్యంతో, చూపు, వినికిడి దాదాపు పోయిన స్థితిలో 55 ఏళ్ళ వ్యక్తి వచ్చాడు. కీలు మార్చాక గుండె పనితీరు మెరుగుపడింది. చూపు, వినికిడి మాత్రం కొద్దిగానే కోలుకున్నాయి. అందుకే ఆలస్యం నన్ను భయపెడుతుంది. మందులతో లోహాన్ని కడిగేద్దామంటే, పొడి రాల్చే కీలు లోపలే ఉన్నంతకాలం అది తాత్కాలికమే.

అదే మార్‌బుర్గ్ కేసులో మా వృత్తికి మరో హెచ్చరిక ఉంది. ఆయనకు ముందున్నది సెరామిక్ కీలు. అది పగిలితే దాని స్థానంలో లోహపు బంతి వేశారు. కంటికి చిక్కని సెరామిక్ తునకలు ఎన్ని కడిగినా కొన్ని లోపల మిగులుతాయి, గరుకు కాగితంలా లోహాన్ని తినేస్తాయి. పగిలిన సెరామిక్ స్థానంలో మళ్ళీ సెరామిక్ బంతే వేయాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

అపోహ: మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళంతా భయపడాలి.

వాస్తవం: అక్కర్లేదు. మన దగ్గర ఎక్కువగా జరిగేది మోకాలి మార్పిడి. అందులో లోహం తిరిగేది ప్లాస్టిక్ పలక మీద. ఇప్పుడు వేసే తుంటి కీళ్ళలోనూ చాలావరకు బంతి తిరిగేది ప్లాస్టిక్ గిన్నెలోనే. అమ్మమ్మకు మోకాళ్ళు మార్పించి నిశ్చింతగా ఉన్నవాళ్ళు అలాగే ఉండండి. బి12 మాత్రలు కూడా మానకండి. ఆ విటమిన్‌లోని కోబాల్ట్ అణువు మధ్యలో బిగించి ఉంటుంది, దాని సంగతి వేరు.

అపోహ: తుంటి నొప్పి లేదంటే కీలు బాగున్నట్టే.

వాస్తవం: నొప్పి లేకుండానే చుట్టూ కండ దెబ్బతిన్నవాళ్ళున్నారు. లోహం మీద లోహం తిరిగే కీలుంటే కాలు బాగున్నా క్రమం తప్పక చూపించుకోవాలి. బ్రిటన్ నియంత్రణ సంస్థ కోబాల్ట్‌కైనా, క్రోమియంకైనా లీటరు రక్తానికి 7 మైక్రోగ్రాములను హద్దుగా పెట్టింది. అది దాటితే స్కానింగ్ చేయాలి. నమూనాను మాత్రం లోహ పరీక్షలకు ప్రత్యేకించిన గొట్టంలోనే తీయించండి. మామూలు సూది, సీసాల నుంచి కలిసే లోహమే అంకెను తప్పుదారి పట్టించగలదు.

ఆయాసానికి, వణుకుకు సవాలక్ష కారణాలుంటాయి. ముందు వాటిని చూడాల్సిందే. తుంటి కీలున్న ప్రతివారికీ కోబాల్ట్ పరీక్ష రాసే వైద్యుణ్ణి కూడా నేను సమర్థించను. కానీ గుండె వైద్యుడి దగ్గరికి వెళ్ళినా, చెవి వైద్యుడి దగ్గరికి వెళ్ళినా "నాకు ఫలానా ఏడాది తుంటి మార్చారు" అని మీరే చెప్పండి. వాళ్ళు అడగకపోవచ్చు.

ఇంకొక్క మాట. ఆపరేషన్ కాగితాల్లో కీలు తయారీదారు పేరు, రకం, సంఖ్య ఉన్న చిన్న స్టిక్కర్లు అంటించి ఉంటాయి. మా రోగి భార్య వాటిని బీరువాలో పట్టుచీరల కింద దాచింది. ఆయన తుంటిలో ఉన్నదేమిటో మాకు అరగంటలో తేలింది ఆ స్టిక్కర్ల వల్లే. మీ ఇంట్లో ఆ కాగితం ఎక్కడుందో ఈరోజే వెతకండి. దొరకగానే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. దొరకకపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళి నకలు అడగండి.