గుండ్రటి లిపికి మూలలు

బోర్డు మీద 'రావు' అని పెడితే రోడ్డు అవతలి నుంచి 'రామ' అని కనబడిందంటే, ఆ ఫాంట్ ఎంత ఠీవిగా ఉన్నా పనికిరాదు. క, గ, త లాంటి అక్షరాలకు కొమ్ము పక్కనే తగిలిస్తాం. ప, ఫ, వలకు మాత్రం కిందికి దించి తగిలిస్తాం. అలా దించకపోతే 'వు'కూ 'మ'కూ తేడా మిగలదు. మామూలు అక్షరంలో ఈ వంపు చిన్నదైనా కన్ను పట్టేస్తుంది. అక్షరాన్ని లావు చేసి, వంపులన్నీ కోణాలుగా మార్చినప్పుడు ముందుగా పోయేది ఇదే. అందుకే కోణాల హెడ్డింగ్ ఫాంట్ గీసేవాళ్లు ఏ మలుపులో మూల పెట్టాలో, దేన్ని వదిలేయాలో ఒక్కో అక్షరానికీ విడిగా తేల్చుకోవాలి.

మూలలు మనకు పరాయివి కావు. భట్టిప్రోలు రాతి పేటికల మీది, మన లిపికి మూలమైన బ్రాహ్మి అక్షరాల్లో నిటారు గీతలూ కోణాలూ నిండుగా ఉన్నాయి. తాటాకు మీద నార వెంట గంటంతో అడ్డగీత లాగితే ఆకు చీలుతుంది కాబట్టి తర్వాత వంపులు పెరిగాయని చెబుతారు. ఫ్లెక్సుకూ బోర్డు మీద అంటించే వినైల్‌కూ ఆ భయం లేదు. వాటి ఇబ్బందులు వేరు.

ముందు లావు లెక్క చూద్దాం. ఫాంట్ గడిని, అంటే అక్షరం గీసుకునే చదరాన్ని, సాధారణంగా 1000 యూనిట్లుగా తీసుకుంటారు. అందులో వత్తులూ గుడులూ కాక అసలు అక్షరానికి 600 యూనిట్ల ఎత్తు ఇచ్చామనుకుందాం. గీత మందం 150 పెడితే, ఒకదాని కింద ఒకటిగా మూడు అడ్డగీతలు పడే అక్షరంలో 450 నల్లగా నిండిపోతుంది. రెండు ఖాళీలకు మిగిలేది చెరి 75. దూరం నుంచి అది ముద్దే. అడ్డగీతను 100కు తగ్గిస్తే ఖాళీలు 150 చొప్పున తేలతాయి. నిలువు గీతలు 150గానే ఉండనివ్వవచ్చు. అడ్డగీత కంటికి ఎప్పుడూ కాస్త లావుగానే తోస్తుంది కనుక ఈ తేడా బయటపడదు.

ఎక్కువమంది తప్పు చేసేది మూల దగ్గర. సున్నను అష్టభుజిగా మారుద్దాం. గీత మందం అంతటా 120, బయటి మూలను రెండు వైపులా 150 మేర 45 డిగ్రీల్లో కోశాం. లోపలి మూలనూ అదే 150 కోస్తే ఏటవాలు గీత 170 మందానికి ఉబ్బుతుంది, అంటే 1.41 రెట్లు. నాలుగు మూలల్లో నాలుగు కణుపులు కనబడతాయి. మందం సమంగా రావాలంటే లోపలి కోత చిన్నది కావాలి: బయటి కోతలోంచి మందానికి 0.586 రెట్లు తీసేయాలి. ఇక్కడ 150 నుంచి 70 పోగా 80. ఈ ఒక్క లెక్క తెలిస్తే సగం అక్షరాలు వాటంతట అవే కుదురుతాయి.

తలకట్టు మరీ సున్నితమైనది. ప, ష, స, హలలో అది ఒంటికి అంటుకోదు. లావు పెంచుతూ పోతే ఆ సందు మూసుకుపోయి 'ప' కాస్తా 'వ' వైపు జరుగుతుంది. తలకట్టును పొట్టి చేసినా ఫరవాలేదు, సందును మాత్రం కాపాడాలి. ధ, ఢ, భల కింది చిన్న గీతకూ, 'కి'ని 'కీ' చేసే కొనకూ ఇదే జాగ్రత్త.

ఇక దుకాణం పని. బోర్డు వాళ్లు వాడే మోటు లెక్కలో 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో 100 అడుగుల అవతల నుంచి చదవాలంటే 10 అంగుళాలన్నమాట. తెలుగులో దీన్ని అసలు అక్షరానికే లెక్కించాలి. గుడీ వత్తూ కలిపితే వరుసకు ఇంచుమించు రెట్టింపు చోటు కావాలి. వెలిగే బోర్డుకైతే ఒక మెట్టు సన్నని ఫాంటే మేలు, చీకట్లో తెల్లని అక్షరం ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది.

అక్షరం చుట్టూ రంగు అంచు వేసినప్పుడు మొనలు ముళ్లలా పొడుచుకొస్తాయి. 30 డిగ్రీల మూలలో ఆ ముల్లు అంచు మందానికి దాదాపు 3.9 రెట్లు సాగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో మొన ఎంతవరకు సాగవచ్చో చెప్పే మైటర్ లిమిట్ 3కు తగ్గిస్తే అది తెగిపోతుంది. వినైల్ షీటును బ్లేడుతో కోసే ప్లాటర్‌కు పంపేముందు ఒకదాని మీద ఒకటి పడిన గీతలను కలిపేయాలి, లేకపోతే బ్లేడు అక్షరం మధ్యలోంచి కోస్తుంది. గిర్రున తిరిగే బిట్‌తో కోసే రౌటర్‌తో యాక్రిలిక్ కోయిస్తే 3 మిల్లీమీటర్ల బిట్ ప్రతి లోపలి మూలలో 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు గుండ్రం వదులుతుంది. పదునైన మూలే కావాలనుకుంటే లేజర్‌కు ఇవ్వాలి.

ఈ ఫాంట్ పేరాలకు వాడొద్దు. సినిమా టైటిల్, ఆటల పోటీ బ్యానర్, షట్టర్ మీద పేరు, ఒకటి నుంచి నాలుగు మాటల వరకు దీని చోటు. పరీక్షకు మాత్రం మన ఊరి పేర్లను మించినవి లేవు. 'చిక్కడపల్లి'లో వత్తులు, 'సికింద్రాబాద్'లో సున్న పక్కనే క్రావడి, 'లక్డీకాపూల్'లో దీర్ఘాలూ పొల్లూ అన్నీ దొరుకుతాయి. 'దిల్‌సుఖ్‌నగర్' టైపు చేసేటప్పుడు రెండు పొల్లుల తర్వాతా కంటికి కనబడని విడదీసే గుర్తు, యూనికోడ్‌లో 200సి, పెట్టాలి. అది జారిపోతే 'దిల్సుఖ్నగర్' అవుతుంది, ఇంత లావు ఫాంట్‌లో ఆ వత్తులు కింది వరుసను గుద్దుకుంటాయి.