కంటితో గీచి గీచి బేరం

"బోర్డు మీద చివరి వరుస దాకా గడగడా చదివేశాను కదరా, మళ్ళీ ఈ బటన్ నొక్కుడు పరీక్ష ఎందుకట?" అని విసుక్కున్నాడు మా బాబాయి. కంటి ప్రెషర్ ఎక్కువగా ఉంది, నీటికాసులేమో చూద్దాం, ఫీల్డ్ టెస్ట్ (చుట్టుపక్కల చూపు ఎంతుందో కొలిచే పరీక్ష) చేయించుకోండి అని డాక్టరు రాసిచ్చారు. బాబాయి అడిగింది న్యాయమైన ప్రశ్నే. చివరి వరుస చదవడానికి రెటీనా (కంటి లోపలి వెనక తెర) నడిమధ్యన ఆవగింజంత జాగా చాలు. నీటికాసులు, అంటే గ్లకోమా, సాధారణంగా ఆ జాగాని చివరి దాకా ముట్టుకోదు. చుట్టుపక్కల నుంచి తినుకుంటూ వస్తుంది.

ప్రెషర్ ఎందుకు పెరుగుతుంది, కంటి నరంలోని పది పన్నెండు లక్షల పోగులు ఎలా చస్తాయి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. నన్ను పట్టుకున్నది ఆ యంత్రం ప్రశ్న అడిగే తీరు.

ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, తెల్లటి గిన్నెలాంటి దానిలోకి చూడాలి. చూపు మధ్యలోని పసుపు దీపం మీద నుంచి కదలకూడదు. చుట్టూ ఎక్కడో ఒక చోట చిన్న వెలుగుచుక్క సెకనులో ఐదోవంతు సేపు మెరుస్తుంది. కనబడితే బటన్ నొక్కాలి. "కనబడిందా లేదా" అని అడుగుతోందనుకుంటాం. కాదు. "ఎంత తక్కువకి చూస్తావు?" అని బేరమాడుతోంది.

సంతలో మా పిన్ని చేసే పనే ఇది. వంకాయలు నలభైకి ఇస్తావా? ఇస్తానమ్మా. ఆ మాట విని కొనదు, పక్క కొట్టుకి పోతుంది. కాసేపటికి తిరిగొచ్చి ముప్పై ఆరంటుంది. సరే అంటాడు. మళ్ళీ వచ్చి ముప్పై రెండంటుంది. తల అడ్డంగా ఊపుతాడు. పోనీ ముప్పై నాలుగు? ఊఁ. అక్కడికి ధర తేలింది. యంత్రమూ అంతే. కనబడినంతసేపూ వెలుగుని 4 డెసిబెల్స్ (ఇక్కడ చప్పుడుకి కాదు, వెలుగుకి కొలత) చొప్పున తగ్గిస్తూ పోతుంది, జవాబు రాకపోతే 2 చొప్పున పెంచుతుంది, మళ్ళీ కనబడిన చోట ధర రాసుకుంటుంది. 24-2 అనే మామూలు పరీక్షలో ఇలాంటి కొట్లు 54. అన్నిటితో ఒకేసారి బేరం, అదీ వరుస తప్పించి. తర్వాత ఏ కొట్టో ముందే తెలిస్తే కన్ను అటు తిరిగిపోతుంది మరి.

ఒక్కో కొట్టునీ ఇన్నిసార్లు అడిగితే మనిషి అలసిపోతాడు. 1990లలో స్వీడన్ పరిశోధకులు 'సీతా' అనే పద్ధతి తెచ్చారు (మన సీతమ్మ కాదు, ఇంగ్లీషు పొడి అక్షరాలు అలా కుదిరాయి). మీ వయసువాళ్ళకి ఏ మూల ఎంత ధర పలుకుతుందో దానికి ముందే తెలుసు. మీ జవాబులు వస్తున్నకొద్దీ అంచనా దిద్దుకుని, నమ్మకం కుదరగానే ఆపేస్తుంది. దాంతో పరీక్ష సమయం దాదాపు సగానికి తగ్గింది.

డెసిబెల్ లెక్క ఇక్కడ తలకిందులు. 0 అంటే యంత్రం వేయగల అతి పెద్ద వెలుగు, 10,000 అపోస్టిల్బులు (వెలుగుకి ఒక పాత కొలమానం). 10 అంటే అందులో పదోవంతు, 20 అంటే నూరోవంతు, 30 అంటే వెయ్యోవంతు. ఆరోగ్యంగా ఉన్న కంటికి 30 చుట్టుపక్కల బేరం తెగుతుంది. అంటే గిన్నెకున్న 31.5 అపోస్టిల్బుల తెల్లదనం మీద ఇంకో పది అపోస్టిల్బుల మెరుపుని అది పట్టేస్తోందన్నమాట. లాగరిథమ్ పట్టికలు తిరగేయించి పిల్లల్ని చంపే బదులు ఈ రిపోర్టొకటి చేతికిస్తే ఒక్క పీరియడ్‌లో ఎక్కుతుంది.

కాదనిపించుకునే దాకా అడిగే బేరం కాబట్టి, కళ్ళు బంగారంలా ఉన్నవాడికి కూడా దాదాపు సగం చుక్కలు కనబడవు. ఇది బాబాయికి ఎవరూ చెప్పలేదు. మార్కులు పోతాయన్న టెన్షన్‌లో, యంత్రం లోపల మోటారు చప్పుడైనప్పుడల్లా నొక్కేశాడు. ఏ ధరకైనా తలూపే కొట్టువాడన్నమాట. అలాంటివాళ్ళని యంత్రం పసిగడుతుంది: మనిషి చెయ్యి అంత త్వరగా కదలలేని క్షణంలో జవాబొస్తే అది అబద్ధమే. ఆయన కాగితం మీద అక్కడక్కడా సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చలొచ్చాయి. మనిషికి సాధ్యం కాని చూపు!

ఇంకో ఎత్తు ఉంది. కంటి నరం బయటికి పోయే చోట రెటీనాకి చూపు లేదు. ఎడమకన్ను మూసి, రెండు చేతులూ చాచి, కుడికంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ కుడి బొటనవేలిని మెల్లగా కుడికి జరపండి. జానెడు లోపే దాని గోరు మాయమవుతుంది. యంత్రం అప్పుడప్పుడు సరిగ్గా అక్కడే వెలుగు వేస్తుంది. బటన్ నొక్కారంటే చూపు దిక్కులు తిరిగిందని అర్థం.

గోరు మాయమైన చోట నల్లటి కన్నం కనబడిందా? లేదు, వెనక గోడే కనబడింది. అతుకు కనబడకుండా మెదడు రఫూ చేసేసింది. నీటికాసులు తిన్న చోటనీ అలాగే కప్పేస్తుంది. కుడికన్ను అదిరితే ఏమవుతుందో పంచాంగం తిప్పి చూసే మనకి, కన్ను చూడటం మానేసిన సంగతి మాత్రం తెలియదు. 1990ల చివర్లో ఆంధ్రప్రదేశ్ కంటి వ్యాధుల అధ్యయనం హైదరాబాదులో ఓపెన్ యాంగిల్ గ్లకోమా (నీటికాసుల్లో ఒక రకం) ఉన్నవాళ్ళని లెక్కతీస్తే, వాళ్ళలో పదికి తొమ్మిదిమందికి పైగా తమకా జబ్బుందని అప్పటిదాకా తెలియదు.

పోయిన చూపు తిరిగిరాదు, ప్రెషర్ తగ్గించి ఉన్నది కాపాడుకోవడమే. అందుకే ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫీల్డ్ టెస్ట్ రాస్తారు. "డబ్బులకోసం" అనుకుంటాం. కానీ దివాలా తీస్తున్న కొట్టువాడు పొద్దున ఒక ధర, సాయంత్రం ఒక ధర చెప్పినట్టు, దెబ్బతిన్న చోట జవాబు పరీక్ష పరీక్షకీ ఊగుతుంది. ఒక్క కాగితంతో జబ్బు ముదిరిందో, జవాబు ఊగిందో చెప్పలేం.

రెండోసారి బాబాయి తాపీగా చేశాడు. "సగం కనబడలేదమ్మా" అని బిక్కమొహం వేస్తే, "బాగా చేశారు అంకుల్" అంది టెక్నీషియన్ అమ్మాయి. కాగితం మీద ముక్కు వైపు పైభాగంలో నల్లటి మచ్చ, కింది అంచు గీత గీసినట్టు. రెటీనాలో అక్కడి నరాల పోగులు విల్లులా వంగి వస్తాయి గానీ అడ్డగీత దాటవు. పై పొలం ఎండినా కింది పొలం పచ్చగా ఉండటానికి మధ్యలో గట్టులాంటిది ఉంది. 1889లో డెన్మార్క్ డాక్టరు బ్యెరుమ్ ఈ విల్లు ఆకారపు మచ్చని పట్టుకున్నది తన గది తలుపు వెనకవైపుని తెరగా వాడి.

బాబాయి ఫైల్లో ఇప్పుడు ఐదు కాగితాలున్నాయి. మొదటిదాని మీద ఆయనే పెన్సిల్‌తో రాసుకున్నాడు: "ఇది లెక్కలోకి రాదు. తొందరపడ్డాను."