సన్నని తీగకు మందం ఎవరిస్తారు: త్రిమితీయ సిమ్యులేషన్‌లో ఒక పాత చిక్కు

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ మొదలు ఎలక్ట్రానిక్ సిటీ దాకా మోటార్ల మీద, యాంటెన్నాల మీద పనిచేసే తెలుగు ఇంజనీర్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ చిక్కు ఎదురవుతుంది. త్రిమితీయ మోడల్‌లో తీగను ఒట్టి గీతగా గీసి, దానిలో ఒక ఆంపియర్ పంపి ఇండక్టెన్స్ (కరెంటు వల్ల చుట్టూ నిలువ ఉండే అయస్కాంత శక్తికి కొలత) లెక్కిస్తే ఒక విలువ వస్తుంది. మెష్‌ను, అంటే లెక్క కోసం స్థలాన్ని విడగొట్టే చిన్న ముక్కల వలను, మరింత సన్నగా చేస్తే ఆ విలువ స్థిరపడకపోగా ఇంకా పెరుగుతుంది. వెంటనే సాఫ్ట్‌వేర్‌ను అనుమానిస్తారు గానీ, తప్పు దానిది కాదు.

గీతకు మందం లేదు. దాన్ని సమీపించేకొద్దీ అయస్కాంత క్షేత్రం దూరానికి విలోమానుపాతంలో పెరుగుతుంది కనుక, చుట్టూ నిలువ ఉండే శక్తికి లాగరిథమ్ లెక్కన అంతు ఉండదు. మెష్ ఆ అనంతాన్ని తన ఎలిమెంట్ (ఒక్కో ముక్క) పరిమాణం దగ్గర ఆపేసి, ఆ పరిమాణాన్నే తీగ వ్యాసార్థంగా చెలామణీ చేస్తుంది. ఎలిమెంట్‌ను సగానికి తగ్గించిన ప్రతిసారీ మీటరు తీగకు సుమారు 0.14 మైక్రోహెన్రీలు అదనంగా చేరేది ఇందుకే.

అసలు తీగనే మెష్ చేయవచ్చు కదా అంటే, 0.2 మిల్లీమీటర్ల వ్యాసం మీద నాలుగు ఎలిమెంట్లు పట్టాలంటే ఒక్కొక్కటి 0.05 మిల్లీమీటర్లు ఉండాలి. అదే కొలతతో ఘనమీటరు పెట్టెను నింపితే 8 లక్షల కోట్ల ఎలిమెంట్లు అవుతాయి. తీగకు దూరంగా పెద్దవి వాడితే భారం ఎంతో తగ్గుతుంది. అయితే వందల చుట్ల కాయిల్ విషయంలో ఆ వెసులుబాటూ త్వరగానే తీరిపోతుంది.

ఈ చిక్కు కంప్యూటర్ల కంటే పాతది. 1897లో పాక్లింగ్టన్ తీగలోని కరెంటుకు సమీకరణం రాశాడు. ఆ దారిలో స్థిరపడిన సన్నని తీగ పద్ధతిలో కరెంటు అక్షం మీద ఉన్నట్టు భావించి, క్షేత్రపు షరతును మాత్రం తీగ ఉపరితలం మీద విధిస్తారు. వ్యాసార్థం సమీకరణంలోనే ఉండిపోతుంది కాబట్టి అనంతానికి తావు లేదు. 1981లో అమెరికాలోని లివర్‌మోర్ ప్రయోగశాల నుంచి వచ్చిన నెక్-2 యాంటెన్నా ప్రోగ్రాం ఈ వరుసలోనిదే. ఆ పద్ధతి తీగల మీదే లెక్క నడుపుతుంది గనుక దానికి చుట్టూ ఉన్న శూన్యాన్ని మెష్ చేయవలసిన పని లేదు.

గాలినీ ఇనుమునూ కూడా ముక్కలు చేసే పద్ధతులలో మాత్రం ఆ వ్యాసార్థం జారిపోయింది. 1980లో నెదెలెక్ ప్రతిపాదించిన, విలువలను ముక్కల అంచుల మీద ఉంచే ఎడ్జ్ ఎలిమెంట్లలో తీగను అంచుల వెంట పరచడం ఎంతో సులువు. ఆ సులువే మోసం చేస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే మందం అడగకుండానే జవాబు వచ్చేస్తుంది.

పరిష్కారపు సూచన చమురు బావుల నుంచి ముందే వచ్చింది. భూగర్భ చమురు నిల్వల సిమ్యులేషన్‌లోనూ ఇదే చిక్కు: బావి కొన్ని అంగుళాలు, గ్రిడ్ గడి పదుల మీటర్లు. గడిలో లెక్కకు వచ్చే పీడనం నిజానికి బావి దగ్గరిది కాదని, చతురస్రపు గడిలో భుజానికి సుమారు 0.2 వంతు దూరంలో ఉండే పీడనమని 1978లో పీస్‌మన్ చూపాడు. ఆ దూరానికీ అసలు వ్యాసార్థానికీ మధ్య తేడాను లాగరిథమ్ సూత్రంతో సరిదిద్దితే చాలు. 1981లో హాలండ్, సింప్సన్ ఇదే తీరు ఆలోచనను తీగలకు పట్టించి, గడిలోని తీగకు ప్రత్యేకంగా ఇండక్టెన్స్ కేటాయించారు. 2002లో నోదా, యోకొయామా మెరుపు సర్జ్ (పిడుగు వల్ల తీగల్లో ఒక్కసారిగా వచ్చే విద్యుత్ పోటు) లెక్కల కోసం, గ్రిడ్ అంచు మీది తీగకు దానంతట అదే వచ్చే వ్యాసార్థం గడి భుజంలో 0.23 వంతు అని తేల్చారు.

సింకిన్, ట్రౌబ్రిడ్జ్‌లు 1979లో చర్చించిన దారి వేరు: కాయిల్ క్షేత్రాన్ని, కరెంటు నుంచి నేరుగా క్షేత్రాన్ని ఇచ్చే బయో-సవార్ సూత్రంతో విడిగా లెక్కించి, ఇనుము వల్ల వచ్చే మిగతా భాగాన్నే మెష్‌కు వదిలేస్తారు. అయస్కాంతాల డిజైన్‌కు ఇంతకంటే శుభ్రమైన పద్ధతి నాకు తెలియదు. కానీ కరెంటు ఎంతో ముందే తెలిసి ఉండాలి. ఇదే చిక్కు శరీరపు లెక్కల్లోనూ ఉంది: రక్తనాళాలను గీతలుగా తీసుకుని చుట్టూ ఉన్న కణజాలంతో ముడిపెట్టడానికి దాంజెలో, క్వార్తెరోని 2008లో గణితపు పునాది వేశారు. అక్కడ నాళపు విలువను గీత మీద కాక, దాని చుట్టూ ఉన్న వలయం మీది సగటుతో పోలుస్తారు.

ఈ దిద్దుబాట్లలో చాలావరకు నిటారైన పొడవాటి తీగను ఊహించుకుని కట్టినవే. పదునైన మలుపులు, మూడు తీగలు కలిసే చోట్లు, తీగ కొసలు, సబ్‌స్టేషన్ ఎర్తింగ్ గ్రిడ్‌లో తేమ మారే మట్టి పొరల సరిహద్దులు వచ్చినప్పుడు, ఆ ఒక్క చోటైనా తీగను నిజమైన మందంతో మెష్ చేసి సరిచూడక తప్పడం లేదు.