నీటి మధ్య పంచాయతీ: పులికాట్ దీవుల తీర్మానాలు ఎక్కడ ఆగుతున్నాయి?

తడ మండలం భీములవారిపాళెం రేవులో పడవెక్కితే పులికాట్ ఉప్పునీటి సరస్సు మీదుగా ఇరకం దీవికి చేరుకోవచ్చు. బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్లు, బడి పంతుళ్లు, ఆసుపత్రికి వెళ్లి తిరిగొచ్చే బాలింతలు, ఎన్నికలప్పుడు పోలింగ్ సిబ్బంది, అందరిదీ అదే దారి. వానలు పడ్డాక పడవ సాఫీగా సాగుతుంది. ఎండలు ముదిరి నీరు తగ్గాక మాత్రం దాని అడుగు బురదను రాసుకుంటుంది. అప్పుడు మోటారు ఆపి గడ వేసి నెట్టాలి, అదీ సాగకపోతే మగవాళ్లు మోకాలి లోతు నీళ్లలోకి దిగి భుజం పట్టాలి. వంతెన కావాలని దీవివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. అందుకు పంచాయతీ తీర్మానం చేయడం కష్టమేమీ కాదు. తీర్మానాల పుస్తకంలో నాలుగు వరుసలు రాసి, సభ్యులు సంతకాలో వేలిముద్రలో వేస్తే ఆ పని అయిపోతుంది. ఆ నాలుగు వరుసలు నీరు దాటి ఒడ్డుకు చేరాక ఎక్కడ ఆగిపోతాయో తెలియాలంటే, ఈ దీవుల మీద పాలన ఎలా పేరుకుంటూ వచ్చిందో చూడాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో నెల్లూరు జిల్లాకు ఇది దక్షిణపు కొస. 1882లో వైస్రాయి రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం, 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం, 1920లో గ్రామ పంచాయతీల చట్టం వరుసగా వచ్చినా, ఊరివాళ్లకు కనిపించిన సర్కారు మాత్రం కరణం, మునసబే. వారి లెక్కల్లో ఉన్నది భూమి. మాగాణి ఎంత, మెట్ట ఎంత, శిస్తు ఎంత అని రాసుకున్న ఆ పుస్తకాలలో చేపలు పట్టుకు బతికే కుటుంబానికి చోటు చాలా తక్కువ. పొలం లేనివాడు పట్టాలో లేడు, పట్టాలో లేనివాడి బతుకు ఏ నీళ్ల మీద ఆధారపడి ఉందో రాసే గడి ఆ లెక్కల్లో లేనే లేదు. తరువాతి చట్టాలన్నీ ఈ పునాది మీదే లేచాయి కాబట్టి ఈ లోపాన్ని చిన్నదిగా చూడలేము.

ఆ గడిని మత్స్యకారులు తమంతట తామే నింపుకున్నారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలోని పట్టపు కులపు మత్స్యకారుల పాళేలలో ఊరి పెద్దలను ‘కాపులు’ అంటారు, వారు కూర్చుని చెప్పిన కట్టుబాటును ‘దురాయి’ అంటారు. పాత నిఘంటువులలో దురాయి అంటే రాజు పేరు మీద పెట్టే ఆన, నిషేధం. రాజులు పోయినా మాట మిగిలి, తీరంలో అది ఊరి శాసనమైంది. ఏ వల వేయాలి, ఏ వల వేయకూడదు, ఎప్పుడు వేటకు వెళ్లకూడదు, తప్పు చేసినవాడు ఎంత కట్టాలి, గుడి ఖర్చుకు ఎవరి వాటా ఎంత అన్నవి గుడి ముందు కూర్చున్న సభలోనే తేలుతాయి. సరస్సు దక్షిణాన తమిళ పల్లెల్లో ‘పాడు’ అనే పద్ధతి ఉంది. వల వేసే చోటును చీట్లు వేసి వంతులవారీగా పంచుకుంటారు. కాగితం మీద చట్టం లేకపోయినా, నీళ్ల మీద ఎవరి హక్కు ఎంతో లెక్క తప్పకుండా నడిచిన పాలన అది.

దాన్ని నేను గుడ్డిగా మెచ్చుకోలేను. ఆ సభలో ఆడవాళ్లు కూర్చోరు. చేపలు ఎండబెట్టేది, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మేది వారే అయినా, వల గురించిన నిర్ణయంలో వారికి మాట లేదు. కట్టుబాటు దాటినవాడిని ఊరు వెలివేయడం ఇప్పటికీ తీరంలో వినపడే సంగతే. పైగా ఒక పాళెం దురాయి పక్క పాళేనికి చెల్లదు. 2020 డిసెంబరులో, అప్పటికి ప్రకాశం జిల్లాలో ఉన్న చీరాల తీరంలో వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారుల మధ్య వలల విషయంలో తగువు ముదిరి ఘర్షణ జరిగినప్పుడు, రెండు ఊళ్లకూ కలిపి మాట చెప్పగల సభ ఏదీ లేక అధికారులు వచ్చి మధ్యస్థం చేయవలసి వచ్చింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడంతో ఒకే సరస్సు రెండు రాష్ట్రాల పాలైంది. ఎక్కువ భాగం ఆంధ్రకు, దక్షిణపు కొస మద్రాసుకు దక్కాయి. తరువాత సరిహద్దు తగువుకు మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసులను అనుసరించి 1960 ఏప్రిల్ 1న రెండు రాష్ట్రాల సరిహద్దులు సవరించినప్పుడు కూడా చర్చ అంతా ఊళ్ల గురించి, ఆ ఊళ్లలో ఎవరు ఏ భాష మాట్లాడతారన్న దాని గురించి సాగింది. పులికాట్ ఒడ్డున తెలుగు, తమిళం ఒకే ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. చేపకైతే సరిహద్దు తెలియనే తెలియదు.

1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. 1964లో గ్రామ పంచాయతీల చట్టం, 1984లో కరణం, మునసబు పదవుల రద్దు, 1985లో మండలాలు వచ్చాయి. దీవివాళ్లకు తాలూకా కచేరీ ఉన్న సూళ్లూరుపేట బదులు తడ దగ్గరి కార్యాలయమైంది. ఇది నిజమైన మేలే.

కానీ ఈ సరస్సు తలరాతను మార్చిన రెండు నిర్ణయాలు ఏ పంచాయతీ పుస్తకంలోనూ లేవు. మొదటిది 1969లో శ్రీహరికోట దీవిని రాకెట్ కేంద్రానికి ఎంపిక చేయడం. 1971 అక్టోబరులో అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ లేచింది. అడవిలో బతికిన యానాదులతో సహా దీవిలో ఉన్నవారి జీవితం పూర్తిగా మారిపోయింది, సూళ్లూరుపేట నుంచి సరస్సును చీల్చుకుంటూ రోడ్డు పడింది. ఆ రోడ్డు కట్ట వల్ల ఉత్తరపు భాగానికి నీటి రాకపోకలు తగ్గాయని సరస్సును పరిశీలించినవారు చెబుతూ వస్తున్నారు. దేశానికి అవసరమైనప్పుడు పులికాట్ మధ్య నుంచి రోడ్డు వేయడం సాధ్యమేనని ఇరకం ప్రజలు కళ్లారా చూశారు. వంతెన అడిగినప్పుడల్లా వారి మనసులో మెదిలే పోలిక అదే, అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించదు.

రెండవది 1976లో పులికాట్‌ను పక్షుల అభయారణ్యంగా ప్రకటించడం. శీతాకాలంలో వేలాదిగా దిగే ఫ్లెమింగోలకు, గూడబాతులకు ఆ రక్షణ అవసరమే. సూళ్లూరుపేటలో 2001 నుంచి జరుపుతున్న ఫ్లెమింగో పండుగ ఆ పక్షుల పేరు మీదే. అయితే ఆ ప్రకటనతో సరస్సు మీద అధికారం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి, అంటే అటవీశాఖ చేతికి వెళ్లింది. దీవి పంచాయతీ తన ఒడ్డున వీధి దీపం వేయగలదు గానీ, ఆ ఒడ్డు నుంచి పది గజాల అవతల ఒక స్తంభం పాతాలంటే ఆ శాఖ అనుమతి కోసం చూడాలి.

అందువల్ల వంతెన తీర్మానం నడవవలసిన దారి ఇలా ఉంటుంది: పంచాయతీ నుంచి మండల పరిషత్తుకు, అక్కడి నుంచి కలెక్టరుకు, రోడ్లు భవనాల శాఖకు, అంచనాలు తయారయ్యాక అటవీశాఖకు, ఆపైన రాష్ట్ర వన్యప్రాణి మండలికి, చివరకు ఢిల్లీలోని జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘానికి. మండల పరిషత్తు దాటాక ఈ మెట్లలో ఏ ఒక్కచోటా సర్పంచి కూర్చునే కుర్చీ లేదు. కాగితం పైకి పోతుంది, ప్రశ్నలు కిందికి వస్తాయి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగల ఇంజనీరు పంచాయతీకి ఉండడు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పుడు ఈ చిక్కు తీరుతుందన్న ఆశ ఉండేది. 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాలు రాశారు, వాటిలో 5వది మత్స్య పరిశ్రమ. అప్పగించి తీరాలని మాత్రం రాయలేదు, రాష్ట్రం అప్పగించవచ్చు అన్నారు. ఆ ఒక్క క్రియాపదం దగ్గరే దీవుల కథ ఆగిపోయింది. 1994 మే 30న అమలులోకి వచ్చిన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను నిలబెట్టింది, జనాభాను బట్టి 5 నుంచి 21 మంది సభ్యుల పంచాయతీని ఇచ్చింది, సర్పంచిని నేరుగా ఎన్నుకునే వీలు కల్పించింది. లోపలి ఊళ్లలో పంచాయతీ చెరువుకు చేపల పాట పెట్టి ఆ డబ్బుతో మురుగు కాలువ కట్టుకోవచ్చు. ఇరకం చుట్టూ కనుచూపు మేరా నీళ్లే అయినా అందులో ఒక్క దొరువు కూడా పంచాయతీది కాదు. ఇక చేతికి వచ్చేది ఇంటిపన్ను, ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చు పెట్టాలన్నారు. పడవల రేవుకు మెట్లు కట్టుకోవాలన్నా మిగిలిన కొంచెంలోనే సర్దుకోవాలి.

చట్టం తెచ్చిన మంచిని కూడా చెప్పాలి. 2011లో స్థానిక సంస్థల్లో మహిళల వాటాను సగానికి పెంచారు. దురాయి సభ అంచున కూడా నిలబడే వీలు లేని ఆడమనిషి పంచాయతీ కుర్చీలో కూర్చుని తీర్మానం మీద మొదటి సంతకం పెట్టడం తీరపు ఊళ్లలో చిన్న మార్పు కాదు. భర్త పక్కన కూర్చుని మాట్లాడే చోట్లు ఉన్నాయి, నిజమే. అయినా సంతకం ఆమెది, పుస్తకం ఆమె పేరు మీద ఉంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. పాత దస్త్రాలు ఒకచోట, కొత్త కలెక్టరు మరొకచోట. అంతకు మించిన ఇబ్బంది సముద్రపు ముఖద్వారాలది. సరస్సులోకి ఉప్పునీరు, దానితోపాటు రొయ్య పిల్ల, చేప పిల్ల వచ్చే ఉత్తరపు ముఖద్వారం వాకాడు మండలం రాయదొరువు దగ్గర ఉంది. అది ఇసుకతో పూడితే వల ఖాళీగా లేచేది తడ మండలంలోని దీవిలో. ఒక పంచాయతీ బతుకు మరో మండలంలోని ఇసుక మేట మీద ఆధారపడి ఉంటే, ఏ ఒక్క పంచాయతీ తీర్మానమూ దానికి చాలదు.

ఒడిశాలోని చిలికా సరస్సుకు ఇదే చిక్కు వచ్చినప్పుడు 1991లో చిలికా అభివృద్ధి ప్రాధికార సంస్థను పెట్టి, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వించారు. తరువాత అక్కడ చేపల రాబడి బాగా పెరిగింది. పులికాట్‌కు కూడా అలాంటి సంస్థ కావాలన్న వాదన బలమైనదే. అయితే శాఖల అధికారులు మాత్రమే కూర్చునే సంస్థ వస్తే దీవివాళ్లు ఎక్కవలసిన మెట్లలో మరొకటి పెరుగుతుంది. ఇరకం, వేనాడు దీవుల సర్పంచులకు, పాళేల కాపులకు, ఎండు చేపలు అమ్మే మహిళలకు అందులో ఓటుతో కూడిన స్థానం ఉండాలి. దాన్ని తరువాత చేసే నియమాలకు వదలకుండా చట్టం మొదటి అధ్యాయంలోనే, ‘ఇవ్వవచ్చు’ అని కాక ‘ఇవ్వాలి’ అని రాయాలి.