గట్టిగా అనుకుంటే మారిపోతామా? నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

బెంగళూరులో, మారతహళ్ళి వైపు కౌన్సెలింగ్ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళే ఎక్కువ, పీజీల్లో ఉండే ఐటీ పిల్లల నుంచి మనవళ్ళని చూసుకోవడానికి నెల్లూరు, అనంతపురం నుంచి వచ్చిన పెద్దవాళ్ళ దాకా. "మారాలనే ఉందండీ, కుదరట్లేదు" అంటారు. వాళ్ళకి మనసు లేక కాదు, ఈ నమ్మకాలు అడ్డం పడుతున్నాయి.

అపోహ: గట్టిగా అనుకుంటే చాలు.
వాస్తవం: చాలదు. థామస్ వెబ్, పాస్కల్ షీరన్ అనే మానసిక శాస్త్రవేత్తలు 2006లో 47 ప్రయోగాలను కలిపి చూస్తే, మనుషుల ఉద్దేశం బాగా బలపడినా చేతల్లో వచ్చిన మార్పు దానికంటే తక్కువగానే ఉంది. అందుకే "ఉగాది నుంచి నడుస్తాను" అన్నవాళ్ళని నేను మొదట అడిగేది ఏ టైముకి, ఎక్కడ, ఏ పని అవగానే అని. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకోవడం గురించి మానసిక శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో రాశారు, ఆ తర్వాత చాలా పరిశోధనల్లో అది పనిచేస్తుందని తేలింది. "క్యాబ్ దిగగానే, లిఫ్ట్ ఎక్కకముందే, అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు రౌండ్లు" అనుకోండి, అంతే. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చుని వచ్చిన మనిషి అప్పుడు ఆలోచించుకుని నడకకి వెళ్ళడం దాదాపు జరగదు, ఆ నిర్ణయం పొద్దున్నే అయిపోయి ఉండాలి.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.
వాస్తవం: 1960లో ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాశారు. జనం ఆ "కనీసం" వదిలేసి అంకె పట్టుకున్నారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు 96 మందిని 12 వారాలు గమనించి, అలవాటు కుదరడానికి వేసిన అంచనా 66 రోజులు, అది కూడా మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. నెల దాటినా బద్ధకంగానే ఉందంటే మీలో లోపం ఉన్నట్టు కాదు, దయచేసి ఆపకండి.

అపోహ: ఒక్కరోజు తప్పితే మొత్తం పోయినట్టే.
వాస్తవం: అదే పరిశోధనలో ఒకసారి తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మర్నాడు అదే టైముకి మొదలుపెట్టండి, రెట్టింపు చేసి భర్తీ చేయాలని చూడకండి.

అపోహ: నలుగురిలో నిలదీస్తే సిగ్గొచ్చి మారతాడు.
వాస్తవం: ఇది ఇళ్ళల్లో చేసే నష్టం నాకు చాలా బాధ కలిగిస్తుంది. 1993లో మానసిక శాస్త్రవేత్త విలియం మిల్లర్ బృందం గమనించింది, కౌన్సెలర్ ఎంత నిలదీస్తే తాగేవాళ్ళు అంత ఎక్కువ తాగారని. "మానేస్తే నీకేం బాగుంటుంది నాన్నా?" అని అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి.

అపోహ: మందు మానాలంటే ఒక్కసారిగా మానేయాలి, డాక్టరెందుకు?
వాస్తవం: ఇది ప్రాణాల మీదకి తెస్తుంది. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాళ్ళు ఉన్నట్టుండి ఆపేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావొచ్చు, సాధారణంగా మొదటి మూడు నాలుగు రోజుల్లోనే. అలాంటివాళ్ళు ఇంట్లో ఉంటే ముందు డాక్టరుకి చూపించాకే మాన్పించండి. బెంగళూరులోని మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో దీనికి ప్రత్యేక విభాగం ఉంది. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులక్కర్లేదు, రాత్రయినా తీస్తారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.