కౌన్సిలర్ కోసం వెతుకుతున్నారా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్ట్‌ని. కొత్తగా ఫోన్ చేసేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఫీజు ఎంత మేడమ్", రెండోది "ఎన్ని సిట్టింగులు పడతాయి". "మీ రిజిస్ట్రేషన్ నంబర్ చెప్తారా" అని అడిగేవాళ్లు ఎక్కడో ఒకరు. ప్లాట్ కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు, ఈసీ అన్నీ లాయర్‌కి చూపించందే అడ్వాన్స్ ఇవ్వం కదా, అలాంటిది ఇంట్లోవాళ్లకి కూడా చెప్పని విషయాలు చెప్పుకోబోయే మనిషి ఏం చదివాడో అడగడానికి మాత్రం మొహమాటం అడ్డొస్తుంది. అందుకే ఈ పోస్ట్‌లో సగం ఆ సంగతే ఉంటుంది.

అపోహ: బోర్డు మీద కౌన్సెలింగ్ సెంటర్ అని ఉంది, పేరు ముందు డాక్టర్ అని ఉంది, కాబట్టి లైసెన్స్ ఉన్నట్టే.

వాస్తవం: ఉండొచ్చు, లేకపోవచ్చు. మన దగ్గర ఈ ఫీల్డ్ మొత్తానికి ఒకటే లైసెన్స్ అంటూ లేదు, గందరగోళం అంతా అక్కడే. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ అయ్యాక ఎండీ సైకియాట్రీయో, డీఎన్‌బీయో, డీపీఎమ్మో చేసిన డాక్టర్, తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లోనో ఏపీ మెడికల్ కౌన్సిల్‌లోనో పేరు ఉండాలి. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే సైకాలజీలో పీజీ చేశాక, హాస్పిటల్లో పేషెంట్లని చూస్తూ సీనియర్ల కింద రెండేళ్ల ఎం.ఫిల్ లాంటి ట్రైనింగ్ పూర్తిచేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో, మేం ఆర్‌సీఐ అంటాం, అందులో నమోదైనవాళ్లు. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఆ నమోదు లేకుండా క్లినికల్ సైకాలజిస్ట్‌గా ప్రాక్టీస్ చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా ఫైన్, లేదా రెండూ. వెయ్యి రూపాయలంటే ఇప్పుడు ఒక్క సిట్టింగ్ ఫీజు, దానికి ఎవరు భయపడతారో మీరే చెప్పండి.

ఇక మూడో గుంపు, కౌన్సిలర్లు, కౌన్సెలింగ్ సైకాలజిస్టులు, థెరపిస్టులు. వీళ్లలో సైకాలజీలో రెగ్యులర్‌గా ఎమ్మెస్సీ చేసి, సూపర్‌విజన్‌లో ఏళ్లతరబడి పనిచేసి, నాకన్నా బాగా చూసేవాళ్లూ ఉన్నారు, ఆన్‌లైన్‌లో ఆరు వారాల సర్టిఫికెట్ తెచ్చుకుని ఏడో వారం బోర్డు పెట్టినవాళ్లూ ఉన్నారు. బయటినుంచి చూస్తే రెండు బోర్డులూ ఒకేలా కనబడతాయి. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం సైకాలజిస్టుల్ని, కొన్ని రకాల కౌన్సిలర్లని కూడా తన పరిధిలోకి తెచ్చింది కానీ దానికింద కౌన్సిళ్లు, రిజిస్టర్లు ఏర్పడే పని నత్తనడకన సాగుతోంది. కాబట్టి కౌన్సిలర్ అన్నవాళ్లని "ఎక్కడ చదివారు, రెగ్యులరా డిస్టెన్సా, ఎవరి దగ్గర ట్రైనింగ్ అయ్యారు, ఇప్పుడు మీ కేసులు ఎవరితో డిస్కస్ చేస్తారు" అని నోరు తెరిచి అడగాల్సిందే. ఆ చివరి ప్రశ్నకి తడుముకుంటే మాత్రం నాకైతే డౌటే. లైఫ్ కోచ్, ఎన్‌ఎల్‌పీ, హిప్నోథెరపీ, పూర్వజన్మ థెరపీ లాంటి బోర్డులకి రిజిస్ట్రేషన్ సంగతి అసలు అడగక్కర్లేదు, ఉండదు. పేరు ముందు డాక్టర్ ఉంటే అది ఎంబీబీఎస్సా, పీహెచ్‌డీనా, ఏదో సంస్థ సన్మానం చేసి శాలువాతో పాటు ఇచ్చిన డాక్టరేటా అన్నది కూడా చూసుకోండి.

చెక్ చేయడం చాలా తేలిక. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో నమోదైనవాళ్ల పేర్లు వెతికే వీలుంది, సీఆర్‌ఆర్ నంబర్, అంటే ఆర్‌సీఐ రిజిస్టర్‌లో వాళ్ల నమోదు నంబర్, అడిగి తీసుకుని, ఆ నంబర్‌కి అదే పేరు వస్తోందా, ప్రొఫెషన్ దగ్గర క్లినికల్ సైకాలజిస్ట్ అనే ఉందా అని చూడండి. ఎందుకంటే స్పెషల్ ఎడ్యుకేటర్లు, స్పీచ్ థెరపిస్టులు కూడా ఆర్‌సీఐ కిందికే వస్తారు, "ఆర్‌సీఐ రిజిస్టర్డ్" అని బోర్డు మీద రాసుకుని డిప్రెషన్‌కి థెరపీ చేసేస్తున్న స్పెషల్ ఎడ్యుకేటర్‌ని నేనే చూశాను. అది అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. రిజిస్ట్రేషన్ గడువు అయిపోయిందేమో కూడా చూడండి, దాన్ని ఎప్పటికప్పుడు రెన్యూ చేసుకోవాలి. డాక్టర్లకైతే స్టేట్ మెడికల్ కౌన్సిల్ సైట్లు, నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్ ఉన్నాయి. నంబర్ అడిగితే నిజంగా ఉన్నవాళ్లు ఏమీ అనుకోరు, మాకు అది గోడకి ఫ్రేమ్ కట్టించి పెట్టుకునే సంగతి, అడిగితే సంతోషిస్తాం కూడా. కోపం వచ్చిందంటే మీకు కావాల్సిన జవాబు వచ్చేసినట్టే.

అపోహ: సైకాలజిస్ట్ అయినా సైకియాట్రిస్ట్ అయినా ఒకటే, ఎవరో ఒకరు మందులు రాస్తారు.

వాస్తవం: సైకాలజిస్టులు మందులు రాయకూడదు. రాస్తే, లేదా "ఇవి నేచురల్ అండీ, సైడ్ ఎఫెక్ట్ ఉండదు" అని పేరులేని గుళికలు చేతిలో పెడితే, లేచి వచ్చేయండి. అలాగే అన్నిటికీ మాటలే సరిపోవు. వారాల తరబడి నిద్రలేకపోవడం, ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనే అనుమానం, చెవిలో మాటలు వినిపించడం, మరీ ఎక్కువ ఉత్సాహంతో నిద్ర అవసరమే లేకుండా డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టడం లాంటివి ఉంటే ముందు సైకియాట్రిస్ట్ దగ్గరికే వెళ్లాలి, థెరపీ ఆ తర్వాత. మంచి కౌన్సిలర్ అయితే మొదటి సిట్టింగ్‌లోనే ఆ మాట చెప్పి పంపిస్తారు. గుండెదడ, తలతిరగడం ఉంటే ఒకసారి మామూలు డాక్టర్‌కి చూపించి థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించుకుని రమ్మని నేను చెప్తుంటాను, థైరాయిడ్ తేడా ఉన్నా అచ్చం యాంగ్జైటీలాగే అనిపిస్తుంది.

అపోహ: వెళ్తే అందరికీ తెలిసిపోతుంది, పిల్లకి రేపు సంబంధాలు రావు.

వాస్తవం: ఈ భయం వల్ల కరీంనగర్‌లో మంచి డాక్టర్ ఉన్నా హైదరాబాద్ వచ్చేవాళ్లని, హైదరాబాద్‌లో ఉండి కూడా తెలిసినవాళ్లు కనబడతారని ఊరి అవతలి కొసన వెతుక్కునేవాళ్లని చూస్తూనే ఉంటాను, వాళ్లని తప్పుపట్టను. "ఎర్రగడ్డకి పంపాల్సిందే" అని జోకులేసుకునే ఊళ్లో పెరిగినవాళ్లం, ఆ భయం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలుసు. అయితే 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 23వ సెక్షన్ చదివితే కొంచెం ధైర్యం వస్తుంది, మీ ట్రీట్‌మెంట్ వివరాలు గోప్యంగా ఉంచడం మా బాధ్యత అని అందులో స్పష్టంగా ఉంది. మీ అత్తగారు ఫోన్ చేసి "మా కోడలు మీ దగ్గరికి వస్తుందా" అని అడిగినా మేం అవునని గానీ కాదని గానీ చెప్పం.

మినహాయింపులు ఉన్నాయి, అవి కూడా తెలుసుకోండి. ఎవరి ప్రాణానికైనా ప్రమాదం ఉంటే, కోర్టు ఆదేశిస్తే చెప్పాల్సి వస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం రిపోర్ట్ చేయడం తప్పనిసరి, అది దాచిపెడితే మా మీదే కేసు అవుతుంది. మంచి థెరపిస్ట్ ఈ మినహాయింపులన్నీ మొదటిరోజే చెప్పేస్తారు. పిల్లల విషయంలో తల్లిదండ్రులకి ఎంత చెప్పాలి, ఏది చెప్పక్కర్లేదు అనేది కూడా అందరినీ కూర్చోబెట్టి ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే ఇంటర్ చదివే పిల్లాడు నోరు విప్పడు.

అపోహ: చచ్చిపోవాలనిపిస్తోందని చెప్తే పోలీస్ కేసు అవుతుంది.

వాస్తవం: ఆలోచన చెప్తే కేసు ఎప్పుడూ లేదు. ప్రయత్నం చేసినవాళ్ల విషయానికొస్తే, వాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు అని అదే 2017 చట్టం 115వ సెక్షన్ చెప్తుంది, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత ఐపీసీ 309 సెక్షన్‌ని తీసేశారు. హాస్పిటల్‌వాళ్లు పోలీసులకి సమాచారం ఇవ్వడం, వాళ్లొచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవడం ఉంటుంది, దానికి భయపడి పురుగుమందు తాగిన మనిషిని ఇంట్లోనే ఉంచి నాటువైద్యం చేస్తూ కూర్చోకండి. 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో దగ్గర్లో ఉన్న హాస్పిటల్ క్యాజువాల్టీకి తీసుకెళ్లండి.

అపోహ: ఇదంతా డబ్బున్నోళ్ల వ్యవహారం.

వాస్తవం: ప్రైవేట్‌లో ఖర్చు ఎక్కువే, దాచేదేం లేదు. హైదరాబాద్‌లో 45, 50 నిమిషాల సిట్టింగ్‌కి వెయ్యి నుంచి రెండు వేలు, పేరున్న చోట ఇంకా ఎక్కువ. అయినా ఫోన్‌లోనే "కొంచెం తగ్గిస్తారా" అని అడగండి, స్టూడెంట్లకి, ఉద్యోగం పోయినవాళ్లకి తగ్గించే థెరపిస్టులు చాలామంది ఉన్నారు, బోర్డు మీద మాత్రం రాసుకోరు.

గవర్నమెంట్ వైపు చాలామందికి తెలియనివి ఉన్నాయి. ఎర్రగడ్డలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్, వైజాగ్ వాల్తేరులో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉన్న సంగతి తెలిసిందే, అక్కడ అడ్మిట్ అయ్యేవాళ్లే కాదు, పొద్దున ఓపీకి వచ్చి చూపించుకుని మధ్యాహ్నానికి ఇంటికెళ్లేవాళ్లు బోలెడు మంది. ఆ పేర్లు చెప్తేనే ఇబ్బందనుకుంటే గవర్నమెంట్ మెడికల్ కాలేజీ హాస్పిటల్‌కి వెళ్లండి, వరంగల్, గుంటూరు, కర్నూలు, కాకినాడ, ఎక్కడైనా సైకియాట్రీ డిపార్ట్‌మెంట్ ఉంటుంది, ఓపీ చీటీ తీసుకుని కూర్చోవడమే. లైన్ పెద్దది, డాక్టర్ మీతో మాట్లాడే టైమ్ చిన్నది, అది ఒప్పుకుంటాను. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న కేంద్ర సంస్థ ఎన్‌ఐఈపీఐడీ మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం, బిడ్డకి మాటలు ఆలస్యం, ఎదుగుదల ఆలస్యం అనిపిస్తే అక్కడికి వెళ్లండి.

ఫోన్‌లోనే మొదలుపెట్టాలంటే టెలీ మానస్ ఉంది, 14416. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ముందు కౌన్సిలర్ మాట్లాడతారు, అవసరమైతే స్పెషలిస్ట్‌కి కలుపుతారు, మీ జిల్లాలో ఎక్కడికి వెళ్లాలో కూడా అడగొచ్చు. జిల్లాల్లో ఉండేవాళ్లకి నేను మొట్టమొదట చెప్పే నంబర్ ఇదే.

కాలేజీ పిల్లలైతే క్యాంపస్‌లో కౌన్సిలర్ ఎవరో ముందు అడగండి. వైజాగ్‌లో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒకమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒక్కరైనా ఉండాలని చెప్పింది, కోచింగ్ సెంటర్లకీ హాస్టళ్లకీ కూడా ఈ మార్గదర్శకాలు వర్తిస్తాయి. ఫ్లోర్ ఇన్‌ఛార్జ్‌నే కౌన్సిలర్ అని చూపిస్తే ఒప్పుకోకండి.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క ముక్క: మానసిక జబ్బుకి కూడా శారీరక జబ్బుతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ కౌన్సెలింగ్ సిట్టింగులు ఓపీ కిందికి వస్తాయి, మీ పాలసీలో ఓపీ కవర్ లేకపోతే రూపాయి రాదు.

అపోహ: ఒకట్రెండు సిట్టింగుల్లో తేలిపోవాలి, లేకపోతే ఆ థెరపిస్ట్‌కి పని తెలియనట్టే.

వాస్తవం: గ్యారంటీ ఇచ్చేవాళ్లతోనే జాగ్రత్త. పానిక్ ఎటాక్‌ల లాంటివి చాలామందికి రెండుమూడు నెలల్లో అదుపులోకి వస్తాయి, చిన్నప్పటి గాయాలకి అంతకంటే ఎక్కువ పడుతుంది. పది సిట్టింగుల ప్యాకేజీ మొత్తం ముందే కట్టించుకోవడం, జాతకం అడగడం, అర్ధరాత్రి వాట్సాప్‌లో సొంత కష్టాలు చెప్పుకోవడం, ఎవరైనా సెలబ్రిటీ తన పేషెంట్ అని గొప్పలు పోవడం, ఇవేవీ ఈ వృత్తిలో చేసే పనులు కావు. ముఖ్యంగా ఆ చివరిది, ఇవాళ వాళ్ల సంగతి మీకు చెప్పినవాళ్లు రేపు మీ సంగతి ఇంకెవరికో చెప్తారు. గూగుల్‌లో స్టార్లు చూసి వెళ్లడం మీదా నాకు నమ్మకం తక్కువే, పేషెంట్లని రివ్యూ రాయమని అడగడం మా పద్ధతి కాదు, అందుకే బాగా చూసేవాళ్లకి రివ్యూలే ఉండకపోవచ్చు.

అపోహ: మావాడు మా మాట వినట్లేదు, మీరు చెప్తే వింటాడు మేడమ్.

వాస్తవం: వినడండీ. మీ డైలాగ్ నా నోటితో చెప్పించడానికి ఫీజు కట్టకండి.

అపోహ: అమెరికాలో ఉన్నాం, అయినా హైదరాబాద్ థెరపిస్ట్‌తో వీడియో కాల్ చేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: తెలుగులో చెప్పుకోవాలనే కోరిక నాకు అర్థమవుతుంది, అమ్మతో గొడవ గురించి ఇంగ్లీషులో ఏడవడం కష్టం. కానీ అక్కడ థెరపీ లైసెన్స్ రాష్ట్రాల వారీగా ఉంటుంది, మామూలుగా మీరు కూర్చున్న రాష్ట్రంలో లైసెన్స్ ఉన్నవాళ్లే మిమ్మల్ని చూడాలి, టెక్సస్ లైసెన్స్ ఉన్నా న్యూజెర్సీలో ఉన్న మనిషిని చూడటానికి విడిగా అనుమతి కావాలి. ఆ రాష్ట్ర బోర్డు సైట్‌లో పేరు కొడితే లైసెన్స్ ఉందా, ఏమైనా చర్యలు తీసుకున్నారా కనబడుతుంది. తెలుగు మాట్లాడేవాళ్లు కావాలంటే డైరెక్టరీల్లో భాష ఫిల్టర్ వాడండి. అత్యవసరమైతే అక్కడ 988 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. ఇంగ్లాండ్‌లో ఉంటే అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లోని టాకింగ్ థెరపీస్‌కి జీపీ (ఫ్యామిలీ డాక్టర్) లెటర్ లేకుండా మీరే అప్లై చేసుకోవచ్చు, కావాలంటే ఇంటర్‌ప్రెటర్‌ని కూడా అడగొచ్చు.

అపోహ: ఒకసారి ఒకరి దగ్గర మొదలుపెట్టాక మార్చకూడదు, వాళ్లు ఫీలవుతారు.

వాస్తవం: మార్చండి. రెండుమూడు సిట్టింగులయ్యాక కూడా మీ మాట వాళ్లకి ఎక్కట్లేదనిపిస్తే అది వాళ్లకే చెప్పండి, సర్దుబాటు కాకపోతే ఇంకొకరి పేరు కూడా వాళ్లనే అడగొచ్చు, చేసిన టెస్టుల రిపోర్టులు తీసుకెళ్లొచ్చు. ఇబ్బందిగా ప్రవర్తించారంటే అది వేరే సంగతి, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐకి, డాక్టర్ అయితే స్టేట్ మెడికల్ కౌన్సిల్‌కి కంప్లైంట్ ఇవ్వండి, అందుకే ఫీజు యూపీఐలో కట్టి రసీదు ఉంచుకోమంటాను. మామూలుగా నచ్చక మానేస్తుంటే మాత్రం ఫోన్ ఎత్తడం మానేయకండి, "ఇక రావట్లేదు మేడమ్" అని ఒక్క మెసేజ్ పెట్టండి చాలు, ఆ స్లాట్ కోసం ఎదురుచూస్తున్న ఇంకొకరికి ఇచ్చేస్తాం.